లింకు ఎక్కడ తెగిందో గోల్‌బజార్‌కు తెలుసు

నవంబరు వచ్చిందంటే ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లోని జిరాక్సు కొట్లకు గిరాకీ పెరుగుతుంది. రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్లు, భర్త పోయాక కుటుంబ పింఛను మీద బతుకుతున్న ఆడవాళ్లు ఏటా ఈ రోజుల్లో తాము బతికే ఉన్నామని బ్యాంకుకు రుజువు చూపాలి. 2014 నవంబరులో కేంద్రం ‘జీవన్ ప్రమాణ్’ తెచ్చాక ఆ రుజువు కాగితం మీది సంతకం నుంచి వేలిముద్రకు మారింది. ఇది రైల్వే వర్క్‌షాపు చుట్టూ పుట్టిన ఊరు. జీవితమంతా ఇనుముతో, ఆకురాయితో, నూనె మరకలతో గడిపిన చేతులివి. వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. బొటనవేలు పెడితే యంత్రం గుర్తుపట్టదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెడతారు. ఆ వేలు కాకపోతే పక్కవేలు. ‘‘తాతగారూ, కొంచెం గట్టిగా నొక్కండి’’ అంటాడు కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు. 2021 నుంచి ఫోన్ కెమెరాతో ముఖాన్ని గుర్తించే పద్ధతి కూడా వచ్చింది కాబట్టి ఇప్పుడు కొంత నయం. ఆ ఏడేళ్లూ యంత్రం కాదన్న ప్రతి పెద్దాయనా తన తప్పేమిటో తెలియక ఆ కొట్టు ముందు నిలబడ్డాడు.

ప్రభుత్వ ఐటీ గురించి, స్టార్టప్‌ల గురించి వార్తలు రాయడం వృత్తిగా పెట్టుకున్నవాళ్లు సాధారణంగా ఢిల్లీలోనో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. మంత్రి బటన్ నొక్కే వేదికలు, పెట్టుబడి మొత్తాలు ప్రకటించే హోటళ్లు అక్కడే ఉంటాయి. నా వాదన వేరు. ఈ బీటుకు విలేకరిని వేయాల్సిన చోటు గోల్‌బజార్ లాంటిది. ఒక వ్యవస్థ పనిచేస్తోందా లేదా అన్నది దాన్ని ఆవిష్కరించినచోట తెలియదు, అది జనానికి తగిలినచోట తెలుస్తుంది. గోల్‌బజార్ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లలో ఒక రైల్వే డివిజన్ కేంద్రం, దేశంలోనే పెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఒకటి, దేశపు మొట్టమొదటి ఐఐటీ, నాలుగు భాషల్లో నాలుగు రకాలుగా పేర్లు రాసుకునే జనం ఉన్నారు. టెక్నాలజీ విలేకరికి ఇంతకంటే ఏం కావాలి?

బజారు సంగతి చెప్పాలి ముందు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, జనం నోట బీఎన్ఆర్, 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షను కట్టి, పక్కనే వర్క్‌షాపు పెట్టి, దాని చుట్టూ కాలనీ వేసింది. ఆ కాలనీ జనం కొనుగోళ్లకు రైల్వే స్థలంలోనే పెరిగింది గోల్‌బజార్. బట్టలు, పచారీ, చేపలు, కూరగాయలు, పూజా సామగ్రి అన్నీ ఇక్కడే. కలకత్తా నుంచి వాల్తేరు దాకా తీరం వెంట పట్టాలు పడ్డాక ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, విజయనగరం వైపు నుంచి పనికోసం రైలెక్కినవాళ్లకు ఖరగ్‌పూర్ పెద్ద మజిలీ అయింది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్‌గా చేరారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ పేటల్లో ఇప్పుడు వాళ్ల మూడో తరం, నాలుగో తరం ఉంది. గోల్‌బజార్‌లో బేరం హిందీలో మొదలై, మధ్యలో బెంగాలీలోకి వెళ్లి, డబ్బులిచ్చేటప్పటికి శ్రీకాకుళం యాసలో ముగియడం ఇక్కడ మామూలు.

ఈ పట్టణానికి కార్మిక చరిత్ర కూడా ఉంది. 1927–28లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బీఎన్ఆర్ కార్మికులు చేసిన సమ్మెలకు నాయకత్వం వహించినవారిలో వి.వి.గిరి ఒకరు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన్ని ఇక్కడ గుర్తుచేయడానికి కారణం ఉంది. ఖరగ్‌పూర్‌లో యంత్రం గురించి మాట్లాడటమంటే దాన్ని నడిపే మనిషి గురించి మాట్లాడటమే అన్న అలవాటు అప్పటినుంచే ఉంది. టెక్నాలజీ వార్తల్లో ఈ అలవాటే కొరవడుతోంది.

రైల్వేను మనం పట్టాలు, ఇంజిన్లుగా చూస్తాం. నిజానికి అది దేశంలోని అతి పాత, అతి పెద్ద ప్రభుత్వ ఐటీ వ్యవస్థల్లో ఒకటి. రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1985–86లో ఢిల్లీలో మొదలైంది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ 1986లో ఏర్పడింది. ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా టికెట్ ఇవ్వగలిగే ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్‌ను మొదట వాడింది సికింద్రాబాద్‌లో, 1994లో. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకదానికొకటి కలిసింది 1999లో. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబానికి ఆ కలయిక అంటే ఏమిటో ఆ కుటుంబాన్నే అడగాలి. అంతకుముందు పండక్కి ఊరెళ్లాలంటే వెళ్లే టికెట్ ఇక్కడ దొరికినా, తిరుగు ప్రయాణానికి బెర్తు ఖాయమవుతుందో లేదో తెలియకుండానే రైలెక్కేవాళ్లు. 2002లో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది. 2020 ఆగస్టులో రైల్వే ఉద్యోగుల పాసులు కూడా కాగితం వదిలి ఫోన్‌లోకి వెళ్లాయి. ఈ-పాస్ తీసుకోవడం రాని రిటైర్డ్ ఉద్యోగి మళ్లీ వచ్చేది బజారులోని కంప్యూటరు కొట్టుకే. పాస్‌వర్డ్ ఆ కుర్రాడికి చెబుతాడు. ఆ పాస్‌వర్డ్ ఒక నోటుబుక్కులో ఆయన పేరు ఎదురుగా ఉంటుంది. సైబర్ భద్రత మీద మనం రాసే వ్యాసాల్లో ఆ నోటుబుక్కు ఎక్కడా కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యమైన కథ మాత్రం స్టేషన్‌లో ఉంది. ఖరగ్‌పూర్ అనగానే అందరూ ప్లాట్‌ఫాం పొడవు గురించి చెబుతారు. 1,072 మీటర్లతో ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది, 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది. దానికంటే ఆసక్తికరమైనది కంటికి కనబడదు. 2017 నవంబరులో ఇక్కడి యార్డులో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థను ప్రారంభించారు. ఏ రైలు ఏ దారిలో పోవాలో ఎంచుకుంటే పాయింట్లు తగినట్టు కదిలి, అవి సరిగ్గా కూర్చున్నాయని నిర్ధారించుకున్నాకే సిగ్నల్ పచ్చగా మారాలి. రెండు రైళ్లకు ఒకే దారి ఇవ్వడం అసాధ్యం కావాలి. ఇంటర్‌లాకింగ్ అంటే ఇంతే. ఖరగ్‌పూర్‌లో ఇలాంటి దారులు 800. అంతకుముందు రిలేలతో నడిచిన వ్యవస్థకు ఉన్న దారులకు ఇవి దాదాపు రెట్టింపు. ప్రపంచంలోనే పెద్దదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ పూట వార్త అయింది, అక్కడితో ఆగింది.

ఐదున్నరేళ్ల తర్వాత, 2023 జూన్ 2 సాయంత్రం, ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. పట్టాలు తప్పిన బోగీలకు ఎదురుగా వస్తున్న బెంగళూరు–హావ్‌డా రైలు తగిలింది. 290 మందికి పైగా చనిపోయారు. కోరమాండల్ అంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇంటికెళ్లే రైళ్లలో ఒకటి. ఆ రాత్రి ఈ పేటల్లో ఫోన్లు మోగని ఇల్లు ఉండి ఉండదు.

దేశమంతా ఆ వారం ఒకే ప్రశ్న వేసింది, కవచ్ ఎందుకు లేదని. కవచ్ మన హైదరాబాద్ కథే. రైళ్లు ఢీకొనకుండా ఆపే ఆ వ్యవస్థను రైల్వే పరిశోధనా సంస్థతో కలిసి తయారుచేసినవి మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అనే మూడు హైదరాబాద్ కంపెనీలు. మొదట వేసింది దక్షిణ మధ్య రైల్వేలో, 1,465 కిలోమీటర్ల మేర. 2022 మార్చిలో వికారాబాద్ వైపు గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజినెక్కి ఎదురెదురు రైళ్లు ఆగడం చూపించారు. ఆ వీడియో అందరికీ గుర్తుంది కాబట్టి ప్రశ్న కూడా సహజమే. కానీ బాహానగాలో జరిగింది కవచ్ పరిధిలోకి వచ్చే తప్పు కాదని రైల్వే అధికారులు అప్పుడే చెప్పారు. సిగ్నల్ పచ్చగా ఉంది. డ్రైవరు సిగ్నల్‌ను మీరలేదు. మెయిన్ లైన్‌కు పచ్చ చూపిస్తూనే పాయింటు మాత్రం లూప్ లైన్ వైపు తిరిగి ఉంది. స్టేషన్ ఉత్తరపు గుమ్‌టీ (సిగ్నల్ పరికరాల గది) దగ్గర గతంలో సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపం, 94వ నంబరు గేటుకు కొత్త ఎలక్ట్రిక్ బ్యారియర్ అమర్చేటప్పుడు చేసిన వైరింగ్ పొరపాటు కలిసి ఆ అబద్ధపు పచ్చ దీపాన్ని వెలిగించాయి. 2023 జులైలో రాజ్యసభలో ప్రభుత్వం ఇచ్చిన సమాధానం సారాంశం ఇదే.

రైల్వే భద్రతా కమిషనర్ నివేదికలో ఇంకో వాక్యం ఉంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే. 2022 మే 16న ఇదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి సంఘటనే జరిగింది, దాని తర్వాత సరిదిద్దే చర్యలు తీసుకుని ఉంటే బాహానగా ప్రమాదం జరిగేది కాదని ఆ నివేదిక చెప్పింది. అంటే ఏడాదికి పైగా ముందే ఈ డివిజన్ కాగితాల్లో ఆ కథ ఉంది. అక్కడ ఎవరూ చనిపోలేదు కాబట్టి అది వార్త కాలేదు. సిగ్నల్ సిబ్బందికి తెలుసు. కంట్రోల్ రూముకు తెలుసు. వాళ్లలో ఎంతోమంది సాయంత్రం సంచి పట్టుకుని గోల్‌బజార్‌కు కూరగాయలకు వస్తారు. ఆ మాట వాళ్ల నోట విని, అదేమిటో అర్థం చేసుకుని, కాగితం సంపాదించి రాయగలిగిన విలేకరి ఈ ఊళ్లో ఒక్కరుంటే ఏం జరిగేదో నేను చెప్పలేను. రాయాల్సిన కథ మాత్రం అదే.

అందుకు కావలసిన చదువు కూడా పెద్దదేం కాదు. రిలే రూము తాళం ఎవరి దగ్గర ఉండాలి, మరమ్మతుకు ముందు, తర్వాత ఏ ఫారం మీద ఎవరు సంతకం చేయాలి, వైరింగ్ మార్చాక బొమ్మను కూడా మార్చి ఆమోదం తీసుకున్నారా, మళ్లీ పరీక్షించారా? ఏ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కైనా ఇవే ప్రశ్నలు. ఆధార్ సర్వర్ దగ్గరైనా, సిగ్నల్ గుమ్‌టీ దగ్గరైనా, మార్పు చేసినవాడెవరు, సరిచూసినవాడెవరు అని అడగటమే మా వృత్తిలో సగం.

ఇక ఐఐటీ. బజారు నుంచి హిజ్లీ వైపు ఆటో ఎక్కితే కాసేపట్లో చేరతాం. 1951లో పాత హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో తరగతులు మొదలయ్యాయి. 1931 సెప్టెంబరు 16న అదే శిబిరంలో బ్రిటిష్ పోలీసులు కాల్చి చంపిన సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాల స్మృతి అక్కడ ఇంకా ఉంది. ఇప్పుడు అదే ఆవరణలో 1.66 పెటాఫ్లాప్‌ల ‘పరమ్ శక్తి’ సూపర్ కంప్యూటరు ఉంది, 2022లో జాతికి అంకితమైంది. తెలుగుతో సహా భారతీయ భాషల పుస్తకాలకు దారిచూపే జాతీయ డిజిటల్ లైబ్రరీని తయారుచేసింది ఈ సంస్థే. 2006 నుంచి విద్యార్థుల ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెల్ స్టార్టప్ ఉత్సాహాన్ని పెంచుతోంది. ఇవన్నీ ప్రెస్‌నోట్లలో దొరుకుతాయి, తొందరగా రాసేయొచ్చు. రాయడానికి ఓపిక కావలసింది తర్వాతి భాగం. 2020లో కరోనా వేళ ఇక్కడి పరిశోధకులు ‘కోవిరాప్’ అనే చవక పరీక్షా పరికరం తయారుచేసి, ఐసీఎంఆర్ ఆమోదం పొందారు. అప్పుడు దేశమంతా రాసింది. ఆ తర్వాత అది ఎన్ని చిన్న ఆసుపత్రులకు చేరిందన్న కథ రాయడానికి ఎవరు మిగిలారు? స్టార్టప్‌ను పుట్టినరోజున ఫొటో తీసి వదిలేసే పద్ధతి మా వృత్తిలో పాతుకుపోయింది. మూడో ఏట, ఐదో ఏట మళ్లీ వెళ్లి తలుపు తట్టడమే అసలు పని.

ఆ ఆవరణకూ ఈ బజారుకూ మధ్య ఒక తెలుగు దారి ఉంది. ఏలూరులో పుట్టి, విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన దువ్వూరి సుబ్బారావు 1960ల చివర్లో ఇక్కడే ఫిజిక్స్ డిగ్రీ చేశారు. 2008 నుంచి 2013 దాకా ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరు. రిటైల్ చెల్లింపులన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన ఎన్‌పీసీఐ 2008లో ఏర్పడింది. ఫోన్‌తో అప్పటికప్పుడు డబ్బు పంపే ఐఎంపీఎస్ 2010 నవంబరులో మొదలైంది. 2016 ఏప్రిల్‌లో వచ్చిన యూపీఐ ఆ పునాది మీదే నిలిచింది. ఈరోజు గోల్‌బజార్‌లో కొత్తిమీర కట్ట కొన్నా క్యూఆర్ కోడు ముందుకొస్తుంది. స్టార్టప్‌లంటే ఆప్‌లు అనుకుంటాం. ఆ ఆప్‌ల వెనుక ప్రభుత్వమూ బ్యాంకులూ కలిసి ఎనిమిదేళ్లు కట్టిన పట్టాలున్నాయి. వాటి గురించి రాసినవాళ్లు తక్కువ.

పేర్ల సమస్య ఈ ఊరికి ప్రత్యేకమైంది, ఇక్కడివాళ్లను నిజంగా బాధపెడుతున్నదీ అదే. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. సర్వీసు బుక్కులో గుమాస్తా ఒక రకంగా రాశాడు, పాన్ కార్డులో ఇంకో రకంగా పడింది. బెంగాలీలో వకారాన్ని భకారంతో రాస్తారు కాబట్టి ఓటరు జాబితాలో వెంకటరావు భెంకటరావు అవుతాడు. మనుషులకు ఇదేం ఇబ్బంది కాదు, పేటలో అందరికీ ఆయనెవరో తెలుసు. డేటాబేస్‌కు మాత్రం వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. 2025 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలైనప్పుడు 2002 జాబితాలో మీ పేరో మీ తల్లిదండ్రుల పేరో చూపించమన్నారు. పేర్లలో, వయసుల్లో పొసగనివాటిని సాఫ్ట్‌వేర్ ‘తార్కిక వ్యత్యాసాలు’గా పట్టింది, నోటీసులు వెళ్లాయి. బదిలీలతో ఊళ్లు మారిన రైల్వే కుటుంబాలకు, నాన్న పేరు ఒక లిపిలో, కొడుకు పేరు ఇంకో లిపిలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇలాంటి సరిపోలిక ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. దీన్ని రాజకీయ వార్తగా అందరూ రాశారు. రెండు పేర్లు ఒకటేనని తేల్చే సూత్రం ఏమిటి, బెంగాలీ నుంచి ఇంగ్లిషుకు అక్షరాలు మార్చే సాఫ్ట్‌వేర్‌ను తెలుగు పేర్ల మీద ఎవరైనా పరీక్షించారా అన్నది టెక్నాలజీ విలేకరి వేయాల్సిన ప్రశ్న.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఎన్నాళ్ల కోరికో అది. పండగలా ఉంది ఆ కబురు. గుర్తింపు గెజిట్‌లో ఆగకుండా కౌంటర్ దాకా రావాలంటే దరఖాస్తు ఫారం తెలుగులో ఉండాలి, కీబోర్డు తెలుగు తీసుకోవాలి, రసీదు తెలుగులో అచ్చవ్వాలి. అంటే భాషా హక్కు చివరికి ఒక టెండరు పత్రంలోని షరతు అవుతుంది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఆ షరతు రాశారా లేదా? టెండర్లు బహిరంగ పత్రాలు. చదవాలనుకుంటే చాలు, దొరుకుతాయి. నేను మెచ్చే టెక్నాలజీ జర్నలిజంలో సగం ఇలాంటి విసుగుపుట్టించే పత్రాల్లోంచి వచ్చిందే.

మన తెలుగు నేలే అందుకు సాక్ష్యం. 1998లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ, 2001లో ఈ-సేవ, అప్పట్లో దేశమంతా ఆంధ్రప్రదేశ్ వైపు చూసింది. 2017 మే నెలలో హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి, అంబర్ సిన్హా కలిసి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ కోసం రాసిన నివేదిక, నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని చూపింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపుల పోర్టలు ఒకటి, చంద్రన్న బీమా పోర్టలు ఇంకొకటి. వాళ్లు తాళం పగలగొట్టలేదు, తెరిచి ఉన్న పేజీలను శ్రద్ధగా చదివారు. 2018 జనవరిలో 500 రూపాయలకే ఆధార్ వివరాలు అమ్ముతున్నారని బయటపెట్టిన ట్రిబ్యూన్ విలేకరి పేరు పోలీసు కేసులోకి ఎక్కింది. లోపం చూపినవాళ్ల మీదికే వేలు తిరిగే కాలమిది.

ఇప్పుడు దారి ఇంకాస్త ఇరుకైంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, అంతకుముందు ముసాయిదాల్లో ఉన్న జర్నలిజం మినహాయింపు లేదు. ఆ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను కూడా మార్చింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చినప్పటి నుంచి ఆ మార్పు అమల్లో ఉంది. ఇదివరకు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం కూడా ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటతో అధికారి దరఖాస్తును తిప్పి పంపొచ్చు. ఏ సర్క్యూట్ మార్పు మీద ఏ అధికారి సంతకం ఉంది అన్నది వ్యక్తిగతమా, ప్రజలదా? నా లెక్కలో అది ప్రజలదే. ఆ రైల్లో కూర్చున్నది ప్రజలు కాబట్టి.

చట్టంలోని 8(2) సెక్షన్ ఇంకా బతికే ఉంది. రహస్యానికి కలిగే హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతుంది. కాబట్టి ఖరగ్‌పూర్‌లో ఈ బీటు మొదలుపెట్టాలనుకునే తెలుగు కుర్రాడికో అమ్మాయికో మొదటి దరఖాస్తు నేనే సూచిస్తాను. 2022 మే తర్వాత ఈ డివిజన్‌లో నమోదైన సిగ్నల్ వైఫల్యాలెన్ని, వైరింగ్ మార్చిన ప్రతి స్టేషన్‌లో పునఃపరీక్ష తేదీ ఏది, బాహానగా తర్వాత రిలే రూముల తనిఖీలో తేలిందేమిటి అని డివిజన్ ప్రజా సమాచార అధికారిని అడగండి. రుసుము పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ కట్టొచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ముప్ఫై రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ పైన తొంభై రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్. ఈలోగా వర్క్‌షాపు పింఛనుదార్లతో కూర్చుని టీ తాగండి, ఏ గేటు దగ్గర ఏం జరుగుతోందో వాళ్లే మొదలుపెడతారు.